మాంసం, మీథేన్, మారుతూ వచ్చిన శాతాలు

వారంలో ఒకరోజు మాంసం మానండి అని జనాన్ని అడగడం వాతావరణ మార్పు గొడవతో మొదలవలేదు. మొదటి ప్రపంచ యుద్ధ సమయంలో, 1917లో, అమెరికాలో హెర్బర్ట్ హూవర్ నడిపిన ఆహార విభాగం మాంసం లేని రోజు, గోధుమ లేని రోజు పాటించమని ఇంటింటికీ ప్రచారం చేసింది. ఆదా అయినది సైన్యానికీ మిత్రదేశాలకూ వెళ్లాలన్నది ఉద్దేశం. యుద్ధం ముగిశాక అది మరుగున పడింది. 2003లో మాంసం లేని సోమవారం పేరుతో అక్కడే మళ్లీ మొదలైంది, ఈసారి ఆరోగ్యం కోసం. 2009లో గాయకుడు పాల్ మెకార్ట్నీ, ఆయన కూతుళ్లు బ్రిటన్‌లో అదే సోమవారాన్ని అందుకున్నారు. అప్పటికి భూతాపం ముందుకొచ్చింది. పిలుపు పాతదే, దాని వెనక నిలబెట్టిన కారణమే కొత్తది. ఆ కారణానికి ఎంత బలం ఉందన్న వాదన ఇప్పటికీ తెగలేదు. తెగకపోవడానికి సైన్స్ కన్నా లెక్కలు కట్టే పద్ధతులూ, రాజకీయ నాయకుల భయాలూ ఎక్కువ కారణమని నాకనిపిస్తుంది.

1970ల దాకా మాంసం మీద ఉన్న పెద్ద అభ్యంతరం ఆకలి గురించి. 1971లో అమెరికా రచయిత్రి ఫ్రాన్సిస్ మూర్ లాపే తన పుస్తకంలో అడిగిన ప్రశ్న సూటిగా ఉంటుంది: మనిషి తినగలిగిన ధాన్యాన్ని పశువులకు మేపి, అందులో కొద్ది భాగాన్నే మాంసంగా వెనక్కి తీసుకోవడం ఏం లెక్క? ఆ వాదన వాతావరణం జోలికి పోలేదు. మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ కూడా కార్బన్ డయాక్సైడ్ లాగే వేడిని పట్టి ఉంచుతాయని, వాటినీ లెక్కలోకి తీసుకోవాలని శాస్త్రవేత్తలు గట్టిగా చెప్పింది 1976 ప్రాంతంలో. ఆకలి వాదన, వాయువుల వాదన కలవడానికి మరో ముప్పై ఏళ్లు పట్టింది.

ఇక్కడ పశువు పొట్ట గురించి కొంచెం చెప్పుకోవాలి. గడ్డిలోని పీచును మనిషి అరిగించుకోలేడు. ఆవు, గేదె, గొర్రె, మేక లాంటి నెమరువేసే జంతువులు అరిగించుకుంటాయి, కానీ ఆ పని చేసేది అవి కాదు, వాటి పొట్టలోని మొదటి గదిలో కాపురముండే కోట్లాది సూక్ష్మజీవులు. అవి మేతను పులియబెడతాయి. ఆ క్రమంలో హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ పుడతాయి. మరో రకం సూక్ష్మజీవులు ఆ రెండింటినీ కలిపి మీథేన్‌గా మారుస్తాయి. ఆ వాయువు త్రేన్పుల్లో బయటికొస్తుంది. వెనకవైపు నుంచి వస్తుందన్నది కార్టూన్లు పెంచిన నమ్మకం, అటువైపు పోయేది చాలా తక్కువ. పందికీ కోడికీ ఈ ఏర్పాటు లేదు కాబట్టి ఆ రెండింటి పద్దు వేరు. అసలు చర్చ మొత్తంలో అందరూ తేలిగ్గా మర్చిపోయే విషయం ఇదే.

మీథేన్ ఒక్కటే కాదు. పేడ నుంచీ, దాణా పంటలకు వేసే నత్రజని ఎరువుల నుంచీ నైట్రస్ ఆక్సైడ్ వస్తుంది. మేతబీళ్ల కోసం, సోయా కోసం అడవి నరికితే చెట్లలో ఉన్న కార్బన్ గాలిలో కలుస్తుంది. అమెజాన్ అడవి నరికివేతకు అన్నిటికన్నా పెద్ద కారణం పశువుల మేతబీళ్లే.

పొట్టలోంచి వచ్చే మీథేన్‌కు ప్రపంచవ్యాప్తంగా పద్ధతైన లెక్క కట్టినవాళ్లలో పాల్ క్రుట్జెన్ ముఖ్యుడు. ఓజోన్ పొర మీద పరిశోధనకు 1995లో నోబెల్ అందుకున్నది ఈయనే. 1986లో ఆయన, ఇద్దరు సహచరులు కలిసి పెంపుడు జంతువుల నుంచి ఏటా సుమారు 7.4 కోట్ల టన్నుల మీథేన్ వస్తోందని, అందులో దాదాపు మూడొంతులు, అంటే 74 శాతం, ఆవుల జాతి నుంచేనని తేల్చారు. 1890లో ఇది దాదాపు 1.7 కోట్ల టన్నులే ఉండి ఉంటుందని అంచనా వేశారు. ఒక శతాబ్దం గడవకముందే నాలుగు రెట్లు దాటింది. ఆ పరిశోధన గురించి పత్రికల్లో పెద్దగా హడావిడి ఏమీ లేదు.

హడావిడి 2006 నవంబర్‌లో వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ఎఫ్ఏఓ, విడుదల చేసిన నివేదిక ప్రపంచ గ్రీన్‌హౌస్ వాయువుల్లో 18 శాతం పశుపోషణ నుంచేనని చెప్పింది. అంతటితో ఆగితే బాగుండేది. ఇది మొత్తం రవాణా రంగం కన్నా ఎక్కువ అని కూడా చెప్పింది. ఇక చూడండి, కారు కన్నా ఆవే పెద్ద దొంగ అన్న హెడ్డింగ్‌లు ప్రపంచమంతా తిరిగాయి. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీకి అప్పటి అధ్యక్షుడు రాజేంద్ర పచౌరి 2008లో లండన్‌లో మాట్లాడుతూ వారానికి ఒకరోజు మాంసం మానడంతో మొదలుపెట్టి తగ్గించుకుంటూ వెళ్లమన్నారు. ఆయన సంస్థకు అంతకుముందు ఏడాదే నోబెల్ శాంతి బహుమతి వచ్చింది కనుక ఆ మాటకు బరువు వచ్చింది. 2009 మేలో బెల్జియంలోని ఘెంట్ నగరం గురువారాన్ని శాకాహార దినంగా ప్రకటించుకుంది.

అయితే ఆ పోలికలో లోపం ఉంది. పశువుల విషయంలో అడవి నరకడం దగ్గర్నుంచి ఎరువు, దాణా, త్రేన్పు, పేడ దాకా అన్నీ కలిపారు. రవాణా దగ్గరికొచ్చేసరికి బండి పొగ గొట్టంలోంచి వచ్చింది మాత్రమే చూశారు. బండి తయారీ, రోడ్డు వేయడం, చమురు శుద్ధి చేయడం అందులో లేవు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌కు చెందిన ఫ్రాంక్ మిట్లోనర్ ఈ తేడాను ఎత్తిచూపారు. 2010లో నివేదిక రచయితల్లో ఒకరు రవాణాతో పోలిక విషయంలో ఆయన చెప్పింది నిజమేనని ఒప్పుకున్నారు. 18 శాతం తప్పని మాత్రం ఒప్పుకోలేదు, ఆ తేడాను చాలామంది కావాలనే చెరిపేశారు.

రెండో వైపు 2009లో వరల్డ్‌వాచ్ అనే అమెరికా పర్యావరణ సంస్థ పత్రికలో ఇద్దరు రచయితలు 51 శాతం అన్నారు. పశువులు వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కూడా ఖాతాలో వేశారు. మేత పెరిగేటప్పుడు గాలిలోంచి తీసుకున్నదే ఊపిరిలో తిరిగి వెళుతుంది కాబట్టి చాలామంది శాస్త్రవేత్తలు ఈ లెక్కను ఒప్పుకోలేదు. అయినా మాంసం వద్దనేవాళ్ల ప్రచారంలో అది ఏళ్ల తరబడి బతికింది. 2013లో ఎఫ్ఏఓ తన లెక్కను తానే సవరించి 14.5 శాతం, ఏడాదికి 710 కోట్ల టన్నులు అంది. అందులో దాదాపు 65 శాతం ఆవుల జాతిదే, అంటే గొడ్డు మాంసం, పాలు. 2023 చివర్లో మరో నివేదిక 12 శాతం, 620 కోట్ల టన్నులు అని చెప్పింది. పశువులు తగ్గి శాతం తగ్గలేదు, పద్ధతి మారింది, పోల్చిన సంవత్సరం మారింది. పైగా ఆ నివేదిక తమ పరిశోధనను తప్పుగా వాడుకుని, ఆహారం మార్చుకుంటే వచ్చే లాభాన్ని తక్కువ చేసి చూపిందని పాల్ బెహ్రెన్స్, మాథ్యూ హాయెక్ అనే ఇద్దరు పరిశోధకులు 2024లో బహిరంగంగానే ఫిర్యాదు చేశారు.

ఈ శాతాల పోరులో ఇరుపక్షాలకూ సౌకర్యం ఉంది. అంకె మారినప్పుడల్లా విషయమే తప్పని ఒకరంటారు, అన్నిటికన్నా పెద్ద అంకెను పట్టుకుని మరొకరు ఊగుతారు. నిజానికి 12 అయినా 18 అయినా తినేవాడు అడిగే ప్రశ్నకు జవాబు అందులో దొరకదు. ఏది తగ్గిస్తే ఎంత తగ్గుతుంది అన్నది వేరే లెక్క.

ఆ లెక్కకు దగ్గరగా వచ్చింది 2018లో. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన జోసెఫ్ పూర్, స్విట్జర్లాండ్‌కు చెందిన థామస్ నెమెచెక్ 119 దేశాల్లోని దాదాపు 38,700 పొలాల సమాచారాన్ని, 40 రకాల ఆహార పదార్థాలను ఒకచోట చేర్చారు. 100 గ్రాముల ప్రోటీన్ కోసం, మాంసానికే పెంచిన పశువుల గొడ్డు మాంసం సగటున దాదాపు 50 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులను వదిలిస్తుంది. గొర్రె మాంసం 20 కిలోలు, పంది మాంసం 7, 8 కిలోలు, కోడి 6 కిలోల లోపు, బఠాణీలు అర కిలో కూడా లేదు. అంటే గొడ్డు మాంసం నుంచి కోడికి మారినా పెద్ద తేడాయే, పూర్తి శాకాహారి అవ్వక్కర్లేదు. అలాగే ఒకే రకం మాంసంలో కూడా పెంచే పద్ధతిని బట్టి ఎన్నో రెట్ల తేడా కనిపించింది. పెంచిన చోటు నుంచి తెచ్చుకునే దూరం గురించి జనం పడే టెన్షన్ మాత్రం చాలావరకు వృథా. అమెరికా ఇళ్ల మీద 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో ఆహారం వల్ల వచ్చే వాయువుల్లో రవాణా మొత్తం వాటా 11 శాతమే.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం భూమి లెక్క. వ్యవసాయ భూమిలో 80 శాతానికి పైగా పశువుల కోసం, వాటి మేత కోసం పోతోంది, అందులోంచి మనుషులకు అందుతున్నది మొత్తం క్యాలరీల్లో 18 శాతం, ప్రోటీన్‌లో 37 శాతం. జంతు ఆహారం పూర్తిగా మానేస్తే ఆహారానికి కావలసిన భూమి 76 శాతం తగ్గుతుందని, ఆహారం వల్ల వచ్చే వాయువులు సగానికి దగ్గరగా తగ్గుతాయని పూర్, నెమెచెక్ అంచనా వేశారు. అది జరిగేది కాదని వాళ్లకూ తెలుసు. అందుకే సగమే తగ్గిస్తే ఏమవుతుందో కూడా చూశారు. ఎక్కువ వాయువులు వదిలే సగాన్ని వదులుకుంటే చాలు, లాభంలో 70 శాతానికి పైగా దక్కుతుంది. వదిలేసిన బీడు మళ్లీ అడవి అయితే గాలిలోని కార్బన్‌ను వెనక్కి లాక్కుంటుంది. ఈ పని ఏ విద్యుత్ కారూ చేయలేదు.

2019 ఆగస్టులో ఐపీసీసీ భూమి మీద ప్రత్యేక నివేదిక ఇచ్చింది. ఆహారపు అలవాట్లు మారితే 2050 నాటికి ఏటా 70 కోట్ల నుంచి 800 కోట్ల టన్నుల దాకా వాయువులు తగ్గే అవకాశం ఉందని అంది. ఇంత వెడల్పున్న అంచనాలోంచి ఎవరికి నచ్చింది వాళ్లు ఏరుకున్నారు. ఏం తినాలో తాము చెప్పడం లేదని ఆ నివేదిక పెద్దలే వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

పశువుల పక్షాన వచ్చిన వాదనల్లో గట్టిది ఒకటుంది, దాన్ని తోసిపుచ్చకూడదు. మీథేన్ గాలిలో సగటున పన్నెండేళ్లే నిలుస్తుంది. కార్బన్ డయాక్సైడ్ శతాబ్దాల తరబడి పేరుకుంటుంది. అందుకే మంద సంఖ్య పెరగకుండా ఉంటే దాని మీథేన్ కొత్తగా కలిపే వేడి తక్కువే. ఆక్స్‌ఫర్డ్‌లోని మైల్స్ అలెన్ బృందం 2018లో దీనికి కొత్త కొలమానం ప్రతిపాదించింది. మాంసం పరిశ్రమ దాన్ని సంబరంగా ఎత్తుకుంది. కానీ ఆ లెక్కనే తిప్పి చూడండి. మంద తగ్గిస్తే దాని వల్ల ఉన్న వేడి కొన్నేళ్లలోనే దిగడం మొదలవుతుంది. ఇరవై ఏళ్ల లెక్కన టన్ను మీథేన్ సుమారు 80 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ కొలమానాన్ని దేశాలవారీగా వాడితే, ఇప్పటికే పెద్ద మందలున్న సంపన్న దేశం దర్జాగా తప్పించుకుంటుంది, ఇప్పుడిప్పుడే నాలుగు ఆవులు కొనుక్కుంటున్న దేశం దోషి అవుతుంది.

కొన్ని సంపన్న దేశాల్లో తలసరి మాంసం ఏడాదికి 100 కిలోలు దాటితే, కొన్ని పేద దేశాల్లో 10 కిలోలు కూడా లేదు. పంట పండని నేలల్లో గడ్డిని పాలుగా, మాంసంగా మార్చేది పశువే. పోషకాహారం అందని పిల్లల నుంచి గుడ్డు, పాలు లాక్కోమని ఏ శాస్త్రవేత్తా అనలేదు. తగ్గించమన్న మాట ఎక్కువ తినేవాళ్లకే.

వాళ్లకు ఆ మాట చెప్పే ధైర్యం ప్రభుత్వాలు చేసినప్పుడల్లా దెబ్బతిన్నాయి. న్యూజిలాండ్ 2003లో పశువుల వాయువుల మీద పరిశోధన కోసం రైతుల నుంచి చిన్న రుసుం వసూలు చేయాలనుకుంది. దానికి అపానవాయువు పన్ను అని పేరు పెట్టి ఎగతాళి చేశారు, ఒక ఎంపీ పార్లమెంట్ మెట్ల మీదకు ట్రాక్టర్ ఎక్కించాడు. ప్రతిపాదన అటకెక్కింది. 2022లో మళ్లీ తెచ్చిన పన్ను ఆలోచనను తర్వాతి ప్రభుత్వం 2024లో పక్కన పెట్టింది. ఆ దేశపు వాయువుల్లో దాదాపు సగం వ్యవసాయం నుంచే. 2013 ఎన్నికల ముందు జర్మనీ గ్రీన్ పార్టీ ప్రభుత్వ క్యాంటీన్లలో వారానికి ఒకరోజు శాకాహారం అంది, మన మాంసం లాక్కుంటున్నారని ఒక పెద్ద పత్రిక గోల చేసింది, పార్టీ ఓట్లు తగ్గాయి. ఓటమికి వేరే కారణాలూ ఉన్నాయి, కానీ మిగతా పార్టీలు నేర్చుకున్న పాఠం ఒక్కటే, ప్లేటు జోలికి పోకూడదు.

అందుకే కాబోలు 2015 పారిస్ ఒప్పందంలో మాంసం ఊసే లేదు. 2021లో గ్లాస్గోలో ప్రకటించిన మీథేన్ ప్రతిజ్ఞ 2030 నాటికి 30 శాతం తగ్గింపు అంది, కానీ దృష్టంతా చమురు, గ్యాస్ లీకుల మీదే. ప్రభుత్వాలు వదిలేసిన పని తినేవాడి మనస్సాక్షి మీద, కంపెనీల మీద పడింది. ల్యాబ్‌లో పెంచిన మొదటి బర్గర్‌ను 2013లో లండన్‌లో రుచి చూశారు. మొక్కల మాంసం కంపెనీల షేర్లు 2019లో ఆకాశానికెక్కి, తర్వాత కూలిపోయాయి. మీథేన్‌ను దాదాపు 30 శాతం తగ్గించే దాణా మందుకు ఐరోపా 2022లో అనుమతి ఇచ్చింది. ఈలోగా, 1961లో 7 కోట్ల టన్నులున్న ప్రపంచ మాంస ఉత్పత్తి 35 కోట్ల టన్నులు దాటింది.

కాబట్టి తగ్గిస్తే ఉపయోగం ఉంటుందా అంటే, ఉంటుంది. సంపన్న దేశాల లెక్కలతో 2017లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, మొక్కల ఆహారానికి మారిన మనిషి ఏడాదికి 0.8 టన్నుల వాయువులను ఆదా చేస్తాడు. కారు మానేస్తే 2.4 టన్నులు, అట్లాంటిక్ దాటి వెళ్లొచ్చే ఒక్క విమాన ప్రయాణం మానుకుంటే 1.6 టన్నులు. బొగ్గు, చమురు మానకుండా మాంసం ఒక్కటి మానితే భూమి చల్లబడదు. అలాగని ఆహారాన్ని వదిలేసి బొగ్గునొక్కదాన్నే పట్టుకున్నా చాలదు. శిలాజ ఇంధనాలు వెంటనే ఆపేసినా, ఆహార వ్యవస్థ ఇప్పటిలాగే సాగితే భూతాపానికి పెట్టుకున్న 1.5 డిగ్రీల హద్దు దాటిపోతుందని 2020లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన లెక్కగట్టింది.

ప్లేటు జోలికి పోకుండా మొదట కదిలింది డెన్మార్క్. 2023లో మొక్కల ఆహారానికి జాతీయ ప్రణాళిక ప్రకటించింది. 2024లో రైతు సంఘాలను, పర్యావరణ సంఘాలను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, పశువుల వాయువుల మీద పన్నుకు ఒప్పించింది. 2030 నుంచి టన్ను వాయువులకు 300 డానిష్ క్రోనర్లు, 2035 నాటికి 750. రాయితీ 60 శాతం పోను రైతు అసలు కట్టేది 120, తర్వాత 300. వసూలైన డబ్బు తిరిగి ఆ రంగంలోనే ఖర్చు పెడతామని, కొంత సాగుభూమిని అడవిగా మారుస్తామని ఒప్పందంలో రాసుకున్నారు. తినేవాడికి ఇందులో చెప్పిందేమీ లేదు.