నేయకుండానే బట్ట

స్కూల్ ప్రాజెక్టుల సీజన్‌లో ఫ్యాన్సీ షాపుల్లో రంగురంగుల ఫెల్ట్ షీట్లు తెగ అమ్ముడుపోతాయి. పువ్వులు, కీచైన్లు, గోడకు తగిలించే అక్షరాలు, ఏది కావాలన్నా కత్తిరించి అతికించేయొచ్చు. మామూలు గుడ్డను కత్తెరతో కోస్తే అంచున దారాలు లేచొస్తాయి. దీనికి ఆ బాధ లేదు. ఎందుకంటే ఇందులో అసలు దారమే లేదు. పడుగు లేదు, పేక లేదు. ఎవరూ వడకలేదు, నేయలేదు. లెక్కలేనన్ని పీచులు అడ్డదిడ్డంగా ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఉన్నాయి, అంతే.

మరి ఆ చిక్కు వీడిపోదేం? పిల్లలతో కలిసి ఇంట్లో తేల్చుకోదగ్గ మంచి ప్రశ్న ఇది. మొదటి ప్రయోగానికి ఒక పొడుగాటి తల వెంట్రుక చాలు.

దువ్వెనకు వచ్చిన వెంట్రుక తీసుకుని కుదురు ఎటో, కొస ఎటో గుర్తుపెట్టుకోండి. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, వేళ్లను వెంట్రుక పొడవునా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ నలపండి. వెంట్రుక మెల్లగా పాకడం మొదలుపెడుతుంది, అదీ కుదురు వైపే. తిప్పి పట్టుకుంటే ప్రయాణమూ తిరగబడుతుంది. మీరు రెండువైపులా సమానంగానే నలుపుతున్నా అది మాత్రం ఒకవైపే పోతుంది.

వెంట్రుకైనా గొర్రె ఉన్నైనా కెరటిన్ అనే ప్రొటీన్‌తో తయారైనవే. పైకి నున్నగా కనిపిస్తాయి గానీ, మైక్రోస్కోపులో చూస్తే ఇంటి కప్పు మీద పెంకులు పరిచినట్టు సన్నటి పొలుసులు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి. వాటి అంచులన్నీ కొస వైపే చూస్తుంటాయి. వేలు కుదురు నుంచి కొసకు జారేటప్పుడు అడ్డు తక్కువ. కొస నుంచి కుదురుకు వచ్చేటప్పుడు ఆ అంచులకు తగులుకుని పోగును తనతోపాటు లాక్కుపోతుంది.

ఇప్పుడు ఒక్క పోగు బదులు గుప్పెడు ఉన్నిని ఊహించుకోండి. నలుపుతున్నకొద్దీ ప్రతి పోగూ తన కుదురు ఎటుంటే అటు పాకుతుంది. దారిలో పక్కవాటిని చుట్టుకుంటుంది, వాటి మధ్య దూరుతుంది. వెనక్కి రావాలంటే పొలుసులు రానివ్వవు. చాలా వీడియోల్లో 'వేడినీళ్లకు పొలుసులు విచ్చుకుని కొక్కేల్లా తగులుకుంటాయి' అని చెప్పి ఊరుకుంటారు. అది సగం మాటే. ఉత్త కొక్కేలే అయితే పోగులు ఉన్నచోటే ఇరుక్కుపోవాలి. ఉన్ని మాత్రం కుంచించుకుపోతుంది, అంటే పోగులు జరుగుతున్నాయి. అసలు కీలకం ఆ ఒంటిదారి నడకలో ఉంది.

రెండో ప్రయోగానికి మూత గట్టిగా పట్టే మూడు సీసాలు కావాలి. ఒకదాంట్లో చిన్న ఉన్ని తునక, ఇంకోదాంట్లో అంతే దూది, మూడోదాంట్లో దిండులోంచి తీసిన పాలిస్టర్ పీచు వేయండి. గోరువెచ్చని నీళ్లు సగం దాకా పోసి, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి బాగా ఊపండి. చెయ్యి నొప్పి పుడుతుంది, వంతులు వేసుకోండి. కాసేపటికి ఉన్ని అట్టకట్టి ఉండలా గట్టిపడుతుంది, ఆరాక లాగినా విడిపోదు. దూది ముద్దవుతుంది గానీ ఆరాక వేళ్లతో పీకితే వచ్చేస్తుంది. పాలిస్టర్ నీళ్లు పిండేయగానే మళ్లీ ఉబ్బి కూర్చుంటుంది.

ఇక్కడ పిల్లలు తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు, అడగకపోతే మీరే అడగండి. చిక్కుపడాలంటే గరుకు కావాలి కదా, మరి జారిపోయే సబ్బు ఎందుకు? చిక్కుపడాలంటే ముందు కదలాలి, అందుకు. తడిసిన ఉన్ని మెత్తబడి సులువుగా వంగుతుంది, సబ్బు దాన్ని జరగనిస్తుంది. అలాగని నురగ మరీ ఎక్కువైతే పోగులు ఒకదానిమీద ఒకటి జారుతూనే ఉంటాయి, అట్ట కట్టదు. అప్పుడు కొంచెం నురగ తీసేస్తే సరి.

ఉన్ని ఎక్కడ దొరుకుతుందంటే, ఆన్‌లైన్‌లో శుభ్రం చేసి దువ్విన మెరినో జాతి గొర్రెల ఉన్ని దొరుకుతుంది. సన్నటిది కాబట్టి తొందరగా అట్టకడుతుంది. తెలంగాణ పల్లెల్లో గొర్రెల కాపరులను అడిగితే దక్కనీ గొర్రెల నల్ల ఉన్ని దొరకొచ్చు. ముతకది, ఓపిక కావాలి. గొంగళ్లు నేసేది ఈ ఉన్నితోనే. గొంగడి నేత బట్టే, ఫెల్ట్ కాదు. కానీ వానకు తడిసి, ఒంటికి రాసుకుని, వాడుతున్నకొద్దీ దాని పోగులు కూడా ఒకదానికొకటి పట్టుకుని దట్టమవుతాయి. నాటు ఉన్నిని ముందు ఉతికి, గడ్డిపరకలు ఏరుకోవాలి. వాసన వస్తోందని గొణుక్కోవడం మాత్రం గొంగట్లో అన్నం తింటూ వెంట్రుకలు ఏరినట్టే.

బల్లపరుపు ఫెల్ట్ చేయాలంటే పల్చటి ఉన్ని పొరలను ఒకటి నిలువుగా, ఇంకోటి అడ్డంగా పరిచి, సబ్బునీళ్లు చిలకరించి, బబుల్‌ర్యాప్ మీద పెట్టి చేత్తో రుద్దాలి, తర్వాత చాపలా చుట్టి దొర్లించాలి. ముందు స్కేలుతో కొలిచి రాసుకోండి. 20 సెంటీమీటర్ల చదరం ప్రతి వైపూ మూడో వంతు తగ్గిందనుకుంటే వైశాల్యం 400 చదరపు సెంటీమీటర్ల నుంచి సుమారు 178కి పడిపోతుంది, సగం కన్నా తక్కువ. బరువు మాత్రం మారదు. టోపీలు, చెప్పులు చేసేవాళ్లు ఈ లెక్క చూసుకునే ముందుగా పెద్ద సైజు పరుస్తారు.

దూదికి పొలుసులు లేవు, దాన్ని నిలబెట్టేది మెలి. దీపానికి వత్తి చేసే అమ్మమ్మలకు ఇది చెప్పక్కర్లేదు. పల్చగా లాగిన దూది చిటికెలో తెగుతుంది. దాన్నే అరచేతుల మధ్య నలిపితే పోగులు ఒకదాన్నొకటి ఒత్తుకుని గట్టిపడతాయి. బూరుగు దూదితో ఇదే చేయబోతే పోగులు నున్నగా జారిపోతాయి. అందుకే దాన్ని వడకరు, దిండ్లలో కూరుతారు.

ఫెల్ట్ విద్య ఎంత పాతదో చెప్పడానికి రష్యాలోని ఆల్టాయ్ పర్వతాల్లో ఉన్న పజిరిక్ అనే చోటి ప్రాచీన సమాధులు చాలు. మంచు గడ్డకట్టి కాపాడటంతో సుమారు 2,300 ఏళ్ల పైబడిన ఫెల్ట్ తెరలు, ఫెల్ట్‌తో చేసిన హంస బొమ్మలు రంగులతో సహా దొరికాయి. ఇప్పుడవి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నాయి. ఐరోపా టోపీల కథ ఇంత అందమైనది కాదు. కుందేలు బొచ్చు సులువుగా అట్టకట్టదని దానికి మెర్క్యురీ నైట్రేట్ అనే పాదరసం లవణం పూసేవారు. మూసిన గదుల్లో ఆ పాదరసం ఆవిరి పీల్చి కార్మికులకు చేతులు వణికేవి, మతి చెడేది. అమెరికాలో టోపీల ఊరిగా పేరుపడ్డ డాన్‌బరీలో ఈ వణుకును ఊరి పేరుతోనే పిలిచేవారు. అక్కడ పాదరసం వాడకం ఆగింది 1941లో.

పొలుసులే లేని పీచును కూడా అట్టకట్టించే, విషం అక్కర్లేని దారి ఒకటి ఉంది. పోగుకు లేని అంచుల్ని సూదికి పెట్టడం. ఫెల్టింగ్ సూది పక్కల చిన్న చిన్న గాట్లుంటాయి. కిందికి పొడిస్తే అవి పోగుల్ని లోపలికి తోసుకెళ్తాయి, పైకి లాగితే అక్కడే వదిలేసి వస్తాయి. ఇక్కడా కదలిక ఒకవైపే. ఇలాంటి సూదులు వేలల్లో బిగించిన యంత్రాల కింద పాలిస్టర్ పీచును నడిపితే కార్లలో పరిచే కార్పెట్, రోడ్ల కింద వేసే జియోటెక్స్‌టైల్ తయారవుతాయి. ఫ్యాన్సీ షాపులోని చవక షీట్లు కూడా చాలావరకు ఇలా వచ్చినవే. అనుమానముంటే చిన్న ముక్కను పట్టకారుతో పట్టుకుని పెద్దవాళ్లే కాల్చి చూడాలి. ఉన్నైతే జుట్టు కాలిన కంపు కొడుతుంది, నలిపితే పొడవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ఇంట్లో సూదితో బొమ్మలు చేసేటప్పుడు కింద మందపాటి స్పాంజి పెట్టుకోండి. ఆ గాట్లు వేలిలో దిగితే మామూలు సూది గుచ్చుకున్నట్టు ఉండదు. చిన్నపిల్లలకు సబ్బునీళ్ల పద్ధతే మేలు.

అల్లికలు వచ్చినవాళ్లు ఇంట్లో ఉంటే ఇంకో ప్రయోగం ఉంది. కొన్ని ఉన్ని ఉండల లేబుల్ మీద 'సూపర్‌వాష్' అని రాసి ఉంటుంది. క్లోరిన్‌తో పొలుసుల అంచులు అరగదీసి, పైన పల్చటి ప్లాస్టిక్ పూత వేసే పద్ధతి అందులో ఎక్కువగా వాడతారు. ఆ దారంతో ఒక చిన్న చదరం, మామూలు ఉన్ని దారంతో అదే కొలతలో ఇంకోటి అల్లించి, రెండింటినీ వాషింగ్ మెషీన్‌లో వేడినీళ్లకు వేయండి. ఏది చిన్నదై బయటికొస్తుందో ముందే కాగితం మీద రాసిపెట్టుకోమని పిల్లలకు చెప్పండి.