ఉప్పుకు తుప్పు పట్టని టైటానియం

మాది కొత్తపట్నం పక్కన ఒక చిన్న పల్లె. ఉప్పుగాలి ఇనుమును ఎట్లా తినేస్తుందో ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. మా నాయన రొయ్యల చెరువు వేసిన మొదటి ఏడాది, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లకు మామూలు ఇనుప బోల్టులు బిగించాడు, పంట పట్టే నాటికి వాటికి స్పానర్ పట్టడానికి అంచులు కూడా మిగల్లేదు, ఉలి పెట్టి కొట్టి తీశాం. ఆ తర్వాత స్టెయిన్‌లెస్ స్టీలు వేశాం. చాలా నయం. కానీ స్టెయిన్‌లెస్ కూడా ఉప్పుకు లొంగుతుందని నాకు తెలిసింది చాలా ఏళ్ళకు, ఒక రొయ్యపిల్లల హ్యాచరీలో మెయింటెనెన్స్ పనిలో ఉన్నప్పుడు.

అక్కడ సముద్రపు నీళ్ళు వేడి చేసే హీటరు కాయిల్ కారుతోంది. బయటికి తీసి చూస్తే అద్దంలా మెరుస్తోంది, ఎక్కడా ఎర్రటి మరక లేదు. వేలితో తడిమితే ఒకచోట బాల్‌పెన్ను మొనంత రంధ్రం తగిలింది. ఆ ముక్క కోసి లోపల చూస్తే, ఆ చిన్న రంధ్రం కింద మిరియపు గింజ పట్టేంత గుంట ఉంది. పైన చిన్న నోరు, లోపల పెద్ద పొట్ట. నీళ్ళలోని ఉప్పులో ఉండే క్లోరైడు స్టెయిన్‌లెస్ పైపొరను ఒక్క చోట చీలిస్తే చాలు, అక్కడే కూర్చుని లోపలికి తవ్వుకుంటూ పోతుంది. ఆ కాయిల్ తీసేసి టైటానియం కాయిల్ వేశారు. నాకు ఈ లోహం మీద ఇష్టం అక్కడ మొదలైంది.

టైటానియం అనగానే మనవాళ్ళకు విమానాలు, రాకెట్లు గుర్తొస్తాయి. అక్కడ ఎక్కువగా వాడేది మిశ్రమలోహం, సుమారు 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిపింది. నేను చెప్పేది దాని గురించి కాదు. ఫ్యాక్టరీల్లో గొట్టాలుగా, రేకులుగా, ట్యాంకులుగా కనిపించేది వేరే ఏ లోహమూ కావాలని కలపని మామూలు టైటానియం. దాన్నే కమర్షియల్లీ ప్యూర్ అంటారు, పనివాళ్ళ నోట్లో సీపీ టైటానియం.

ప్యూర్ అన్నారు కదా అని నూటికి నూరు పాళ్ళు టైటానియమే అనుకోవద్దు. అందులో కొంచెం ఆక్సిజన్, కొంచెం ఇనుము, ఇంకా కొంచెం కొంచెం నైట్రోజన్, కార్బన్ ఉంటాయి. ఆశ్చర్యం ఏమిటంటే ఆ పిసరంత ఆక్సిజనే దాని గుణాన్ని మార్చేస్తుంది. సీపీ టైటానియాన్ని 1 నుంచి 4 దాకా గ్రేడ్లుగా విడదీస్తారు. గ్రేడ్ 1లో ఆక్సిజన్ 0.18 శాతానికి మించకూడదు, గ్రేడ్ 4లో 0.40 వరకు ఉండొచ్చు. తేడా పావు శాతం కూడా లేదు, కానీ లాగితే తట్టుకోవాల్సిన కనీస బలం 240 మెగాపాస్కల్స్ నుంచి 550కి పెరుగుతుంది. ఆక్సిజన్ పరమాణువులు లోహపు పరమాణువుల సందుల్లో ఇరుక్కుని, ఆ లోహపు వరసలు ఒకదాని మీద ఒకటి జారకుండా అడ్డుపడతాయి. అందుకే గ్రేడ్ 1 మెత్తగా వంగుతుంది, లోతుగా నొక్కి ఆకారం తెచ్చే పలచటి ప్లేట్లకు అది కావాలి. గ్రేడ్ 4 గట్టిది, అంత సులువుగా వంగదు. వీటి మధ్య గ్రేడ్ 2 అన్నిటికీ పనికొచ్చేది, పరిశ్రమల్లో ఎక్కువగా వాడేది అదే, మా హ్యాచరీలో వేసిందీ అదే.

ఇక తుప్పు పట్టకపోవడం సంగతి. టైటానియం చాలా నెమ్మదైన లోహం, దేనితోనూ కలవదు, అందుకే చెడదు అని చాలామంది అనుకుంటారు. నిజం పూర్తిగా తలకిందులు. అది ఆక్సిజన్ కోసం ఆవురావురుమని ఉంటుంది. కొత్తగా గీసిన చోట గాలి తగిలిన క్షణంలోనే ఆక్సిజన్‌తో కలిసి టైటానియం డయాక్సైడు పొర కట్టేస్తుంది. ఆ పొర మందం కొన్ని నానోమీటర్లు, వెంట్రుక మందంలో సుమారు పదివేలో వంతు. ఇనుము తుప్పులాగా పెచ్చులుగా రాలదు, లోహాన్ని గట్టిగా కరుచుకుని ఉంటుంది. గీత పడినా, ఇసుక రాసుకున్నా, నీళ్ళలో ఉండే కొద్దిపాటి ఆక్సిజన్‌తోనే మళ్ళీ పొర కట్టుకుంటుంది. స్టెయిన్‌లెస్‌లో క్రోమియం చేసే పని కూడా ఇలాంటిదే, కానీ క్లోరైడు దగ్గర ఆ పొర ఓడిపోతుంది, ఈ పొర మామూలు వేడిలో ఓడిపోదు.

కరెంటు కేంద్రాల్లో సముద్రపు నీళ్ళతో ఆవిరిని చల్లబరిచి మళ్ళీ నీళ్ళు చేసే కండెన్సర్లలో దీని విలువ బాగా కనిపిస్తుంది. నిజానికి టైటానియం వేడిని అంత బాగా దాటించదు, రాగి ముందు ఇది ఇరవయ్యో వంతు. మరి ఎందుకు వాడతారు? మిగతా లోహాల్లో తుప్పు తినేయడానికి కొంత మందం ముందే అదనంగా పెట్టాలి, దీనికి ఆ అవసరం లేదు, అర మిల్లీమీటరు గోడతో గొట్టం చేసినా సరిపోతుంది. గోడ పలచబడితే వేడి త్వరగా దాటుతుంది. పైగా బరువు తక్కువ, ఘన సెంటీమీటరుకు నాలుగున్నర గ్రాములే, స్టెయిన్‌లెస్ సుమారు ఎనిమిది.

ఉప్పునీళ్ళ నుంచి కరెంటుతో క్లోరిన్, కాస్టిక్ సోడా తీసే ఫ్యాక్టరీల్లో ఆనోడ్లు, అంటే ప్లస్ వైపు పలకలు కూడా రుథేనియం ఆక్సైడు పూత వేసిన టైటానియంవే. ఒంట్లోకి కూడా వచ్చింది. 1952లో స్వీడన్ డాక్టర్ బ్రోనెమార్క్ కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం పరికరాన్ని తీయబోతే రాలేదు, ఎముక దాన్ని అంటుకుని పెరిగింది. 1965లో మొదటి మనిషికి ఆ పద్ధతిలో దంతాలు కట్టారు. ఈరోజు నెల్లూరులో పంటి ఇంప్లాంట్ వేయించుకునేవాళ్ళ దవడలో దిగే ఆ చిన్న స్క్రూ చాలాసార్లు గ్రేడ్ 4 టైటానియమే.

అన్నిటికీ మందు కాదు మాత్రం. తడి క్లోరిన్‌లో నిక్షేపంగా ఉండే ఈ లోహం, తేమ అసలు లేని క్లోరిన్‌లో అంటుకుని కాలిపోతుంది. పైపొర మరమ్మతుకు ఆ కాస్త నీళ్ళూ ఉండాలన్నమాట. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ పలచటిదైనా పొరను కరిగించేస్తుంది. మరిగే ఉప్పునీళ్ళు రబ్బరు వాషర్ల సందుల్లో నిలిస్తే గ్రేడ్ 2కీ ప్రమాదమే, అలాంటి చోట కొంచెం పల్లేడియం కలిపిన గ్రేడ్ 7 వాడాలి. ఇంకొకటి, చాలామంది చేసే పొరపాటు: టైటానియాన్ని మామూలు ఇనుముతో కలిపి ఉప్పునీళ్ళలో బిగిస్తే టైటానియానికి ఏమీ కాదు, పక్కన ఉన్న ఇనుము మామూలుకన్నా వేగంగా పోతుంది.

ఖరీదు మాటేమిటి? ఖనిజం కరువు కాదు. అల వెనక్కి పోయాక ఇసుక మీద మిగిలే నల్లటి చారలు చూసే ఉంటారు, అలాంటి నల్ల ఇసుకలో ఉండే ఇల్మనైటే దీని ఖనిజాల్లో ఒకటి. కష్టమంతా ఆక్సిజన్‌ను విడదీయడంలో ఉంది. ఖనిజాన్ని బొగ్గుతో, క్లోరిన్‌తో కలిపి ముందు టైటానియం టెట్రాక్లోరైడు ద్రవం చేస్తారు, దాన్ని దేనితోనూ కలవని ఆర్గాన్ వాయువులో 800 డిగ్రీలకు పైన కరిగిన మెగ్నీషియంతో కలిపితే స్పాంజిలాంటి లోహం వస్తుంది. ఒక్కో విడతకు రోజులు పడుతుంది. క్రోల్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన ఈ పద్ధతికి 1940లో పేటెంటు వచ్చింది, ఇప్పటికీ ప్రధానంగా ఇదే. మన దేశంలో కేరళ చవరలో హైదరాబాద్‌లోని రక్షణ శాఖ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్‌ఎల్ పరిజ్ఞానంతో స్పాంజి తీస్తున్నారు.

వెల్డింగ్ చేసేవాళ్ళకు ఒక మాట. వేడెక్కిన టైటానియం గాలిని పీల్చుకుని పెళుసైపోతుంది, అందుకని ముందువైపే కాదు, వెనకవైపు కూడా, అతుకు చల్లారేదాకా ఆర్గాన్ తగులుతూనే ఉండాలి. మా కాయిల్‌కు ఒక అతుకు వేయించినప్పుడు మొదటిసారి నీలం రంగు తేలింది, చూడటానికి నెమలి మెడలా ఎంత బాగుందో. వెల్డరన్న ఆ రంగు చూసి తల అడ్డంగా ఊపాడు, "గాలి తగిలింది అబ్బయా, ఇది విరుగుద్ది" అని కోసి పారేసి, ఆర్గాన్ పైపు సర్దుకుని మళ్ళీ వేశాడు. రెండోసారి వెండిలా తెల్లగా వచ్చింది. ఆ అతుకే ఇప్పటికీ ఉంది.