శివారు పొలానికి నీళ్లెప్పుడు?

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒకావిడ ఫొటో పంపారు. కత్తెరతో కత్తిరించిన మాత్రల స్ట్రిప్పు ముక్క. నాలుగు గుంటలు, నాలుగూ ఖాళీ. మందు పేరు ఉండాల్సిన చోట కత్తెర పడింది, "జెపామ్ 0.5" అన్నంత వరకే మిగిలింది. కింద ప్రశ్న: "మాస్టారూ, ఆరేళ్లు రోజూ రాత్రి ఇది వేసుకున్నాను. డాక్టరు గారు మెల్లగా తగ్గించి ఆపించారు. ఆపి ఎనిమిది నెలలైంది. ఇప్పటికీ చెవిలో గుయ్‌మని మోత, అరికాళ్లలో మంట. కుక్కర్ విజిల్ వేస్తే గుండె జారిపోతుంది. మందు ఒంట్లో ఇంకా మిగిలిపోయిందంటారా? కడిగేయడానికి ఏమైనా ఉందా?"

పేరు తెగిపోయినా కులం తెలుస్తుంది. మనం ఇంటిపేరు ముందు పెట్టుకుంటాం, ఈ మందులు చివర పెట్టుకుంటాయి. డయాజెపామ్, లోరాజెపామ్, క్లోనాజెపామ్ ఒక శాఖ. అల్ప్రాజోలామ్, మిడాజోలామ్ దాయాదులు. అన్నీ బెంజోడయాజెపైన్లే. మా నాన్నగారి తరం వీటన్నిటినీ కాంపోజ్ అనేది, ఇప్పటివాళ్లు టెన్షన్ బిళ్ళ అంటున్నారు. ఆవిడ చీటీ వెతికి చూస్తే క్లోనాజెపామ్ అని తేలింది.

మందు మిగిలిందా లేదా అన్నది తేల్చడానికి కాగితం, పెన్సిలు చాలు. క్లోనాజెపామ్ అర్ధాయువు 30 నుంచి 40 గంటలు. 40 అనే వేసుకుందాం. 40 గంటలకు సగం పోతుంది, 80కి పావు మిగులుతుంది, 120కి అరపావు, 160కి అందులో సగం, 200 గంటలకు 32లో ఒక వంతు. అంటే తొమ్మిదో రోజుకల్లా 97 శాతం పోయింది. 400 గంటలకు వెయ్యో వంతు కూడా ఉండదు. ఎనిమిది నెలలంటే సుమారు 5,800 గంటలు! ఈ లెక్క నేను గుంటూరులో బి.ఫార్మసీ పిల్లలకు ఇరవై రెండేళ్లు చెప్పాను. పరీక్షలో పదికి పది తెచ్చుకుంటారు. ఇంటికెళ్లి అమ్మ వేసుకునే బిళ్ళకు ఈ లెక్క వేసినవాడు ఒక్కడూ నాకు తగల్లేదు.

కాబట్టి ఆముదం వద్దు, డబ్బాల్లో అమ్మే డిటాక్స్ పొడులు వద్దు, కొబ్బరినీళ్లు దాహానికి తాగితే చాలు. కడగడానికి అక్కడ ఏమీ లేదు. మరి ఈ మంట, మోత ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?

దీనికి నా దగ్గర ఒకే పోలిక ఉంది. మాది దుగ్గిరాల పక్క, కాలువ గట్టు మీద పెరిగాను. ప్రకాశం బ్యారేజీ దగ్గర కుడివైపు బయల్దేరిన పెద్ద కాలువ దుగ్గిరాల లాకుల దగ్గరే పాయలవుతుంది. అక్కడ లస్కర్లు ఉండేవాళ్లు. చేతిలో ఇనుప హ్యాండిలు, షట్టరు పైన నిలువునా మరచుట్ల రాడ్డు, దానికి నల్లటి గ్రీజు. హ్యాండిలు తగిలించి నాలుగు చుట్లు తిప్పితే షట్టరు బెత్తెడు లేచేది. ఆ బెత్తెడు సందులోంచి దూకే నీళ్ల చప్పుడు కోసం మేం బడి ఎగ్గొట్టేవాళ్లం.

మెదడు కణాన్ని ఒక మడి అనుకోండి. దానికి తూములున్నాయి, తూముకొక షట్టరు. షట్టరు లేస్తే లోపలికి వచ్చేవి క్లోరైడ్ అయాన్లు. వాటిది రుణావేశం. మామూలుగా మైనస్ 70 మిల్లీవోల్టుల దగ్గర ఉండే కణం, ఇవి చేరితే అంత తేలిగ్గా రేగదు. మడి తడిసి చల్లబడిందన్నమాట. షట్టరు ఎత్తే లస్కరు పేరు గాబా. మన మెదడే తయారుచేసుకునే రసాయనం.

బెంజోడయాజెపైన్ లస్కరు పక్కన చేరిన కుర్రాడు. షట్టరును ఒంటరిగా ఎత్తలేడు, లస్కరు హ్యాండిలు పట్టుకుంటేనే తానూ చెయ్యి వేస్తాడు. దాంతో షట్టరు ఎక్కువసార్లు లేస్తుంది. పాతకాలపు నిద్రమందులు బార్బిట్యురేట్లు అలా కాదు, లేచిన షట్టరును దిగనివ్వవు. మోతాదు మించితే లస్కరు లేకపోయినా ఎత్తేస్తాయి, అందుకే వాటితో అంతమంది పోయారు. బార్బిట్యురేట్ల పక్కన పెడితే ఈ కుర్రాడు బుద్ధిమంతుడు. అందుకే 1960లో మొదటి బెంజోడయాజెపైన్, లిబ్రియం, బజారులోకి వచ్చినప్పుడు లోకం దానికి హారతి పట్టింది. స్టెర్న్‌బాక్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేసి పక్కన పడేసిన పదార్థం అది. 1957లో న్యూజెర్సీలోని రోష్ లాబొరేటరీలో బల్లలు సర్దుతుంటే మళ్లీ కంటపడి, పరీక్షకు వెళ్లింది. మన ప్రకాశం బ్యారేజీ మీద బళ్లు తిరగడం మొదలైందీ 1957లోనే. ఈ రెంటికీ సంబంధం ఏమీ లేదు, నాకు సరదా అంతే.

ఇప్పుడు అసలు కథ. కుర్రాడు ఆరేళ్లు రోజూ వచ్చాడు. మడిలో నీళ్లు ఎక్కువైతే రైతు ఊరుకుంటాడా? గోనెసంచుల్లో మట్టి నింపి తూముకు అడ్డం పెడతాడు. కొన్ని తూములు పీకి పక్కన పడేస్తాడు. అదీ చాలకపోతే మురుగు కాలువ లోతు చేసి నీళ్లు బయటికి తోడిస్తాడు. మెదడు చేసేదీ ఈ మూడు పనులే. ఒకటి, గ్రాహకంలో (మన షట్టరు అసలు పేరు అదే) గాబా కూర్చునే చోటుకీ మందు కూర్చునే చోటుకీ ఉన్న లంకె సడలుతుంది, కుర్రాడు చెయ్యి వేసినా షట్టరు మునుపటంత లేవదు. రెండు, గ్రాహకాలను కణం అంచున పట్టి ఉంచే గెఫిరిన్ అనే ప్రోటీన్ పట్టు తప్పి, కొన్ని గ్రాహకాలు లోపలికి జారిపోతాయి. ఆ ప్రోటీన్ పేరు వంతెన అనే గ్రీకు మాట నుంచి వచ్చింది. మూడు, మెదడును రేపే గ్లుటమేట్ పక్షం బలం పుంజుకుంటుంది. మందు ఆపిన ఎలుకల మెదడులో హిప్పోకాంపస్ అనే భాగంలో, గ్లుటమేట్‌ను అందుకునే ఆంపా గ్రాహకాలు జోరుగా పనిచేయడం పరిశోధకులు చూశారు.

ఒకరోజు కుర్రాడు రావడం మానేశాడు. లస్కరు ఉన్నాడు, కాలువలో నీళ్లున్నాయి. కానీ తూముకు అడ్డం పెట్టిన సంచులు అలాగే ఉన్నాయి, మురుగు కాలువ లోతుగానే ఉంది. మడి నెర్రెలిచ్చింది. ఆవిడ అరికాళ్ల మంట, చెవిలో మోత ఆ నెర్రెలే. పోలికలో ఒక లోపం ఉందని ఒప్పుకోవాలి. రైతుకు కబురు పెడితే సాయంత్రానికి సంచులు తీసేస్తాడు. కణం ఒక్కో ప్రోటీన్‌నూ కొత్తగా కట్టి, మోసి, చోటుకు చేర్చాలి. ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుందనేది కూడా ఇందుకే. మురుగు కాలువలన్నీ తెరిచి ఉండగా తూము మూసుకుంటే ఇంకేమవుతుంది?

మరి అన్ని బాధలూ ఒకేసారి ఎందుకు తగ్గవు? ఇక్కడ కాస్త గట్టి మేత ఉంది, ఓపిక పట్టండి. షట్టరు ఒకే ముక్క కాదు, ఐదు ముక్కల చట్రం. ఎక్కువ చోట్ల రెండు ఆల్ఫాలు, రెండు బీటాలు, ఒక గామా. మందు కూర్చునేది ఆల్ఫా, గామాల మధ్య సందులో. ఆల్ఫాల్లో రకాలున్నాయి. 1999లో ఎలుకల్లో ఆల్ఫా-1లోని 101వ స్థానంలో ఉన్న హిస్టిడిన్‌ను తీసి ఆర్జినిన్ పెట్టారు. ఒక్కటంటే ఒక్క అమైనో ఆమ్లం. ఆ ఎలుకలకు డయాజెపామ్ ఇస్తే మత్తు రాలేదు, బెదురు మాత్రం తగ్గింది! అంటే మత్తు ఆల్ఫా-1 తూముది, బెదురు తగ్గడం వేరే తూముది. అది ప్రధానంగా ఆల్ఫా-2 అని మరుసటి ఏడాది తేలింది. జ్ఞాపకం జోలికి పోయేది ఆల్ఫా-5. ఒక్కో తూము మెదడులో ఒక్కో పేటలో ఎక్కువ. మందుకు అలవాటు పడే వేగం కూడా ఒక్కో దానికి ఒక్కో తీరు. మత్తు ప్రభావం వారాల్లోనే అరిగిపోతుంది, మిగతావి అంత త్వరగా అరగవు. పోయినప్పుడు తలో వేగంతో పోయినవి వచ్చేటప్పుడు చెయ్యి చెయ్యి పట్టుకుని వస్తాయా?

కృష్ణా డెల్టాలో ఈ సంగతి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. జూన్‌లో బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలితే ఎగువన ఉన్నవాడు నారు పోసేస్తాడు. కొమ్మమూరు కాలువ చివర ఉన్నవాడు ఆకాశం వంక, ఇరిగేషన్ ఆఫీసు వంక చూస్తూ కూర్చుంటాడు. మధ్యలో గుర్రపుడెక్క, పూడిక, వంతులు. నీళ్లు ఒకరోజు వస్తాయి, మూడు రోజులు రావు, మళ్లీ వస్తాయి. రానన్నాళ్లూ ఇక ఎప్పటికీ రావేమో అనిపిస్తుంది. ఆవిడకు నేను రాసిన జవాబులో ముఖ్యమైన మాట ఇదొక్కటే: మీ చెవి, అరికాళ్లు శివారు భూములు.

ఇది అందరికీ రాదు. ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో 1982 నుంచి 1994 దాకా ఈ మందులు మానిపించడానికే క్లినిక్ నడిపిన ప్రొఫెసర్ హెదర్ ఆష్టన్, దీర్ఘకాలం వాడినవాళ్లలో 10 నుంచి 15 శాతానికి ఇలా సాగుతుందని అంచనా వేశారు. 2020లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుల వివరపత్రంలో గడి కట్టి వేసే హెచ్చరికను మార్పించింది. లక్షణాలు వారాల నుంచి 12 నెలలకు పైగా ఉండవచ్చని వాటి వివరాల్లో ఇప్పుడు స్పష్టంగా ఉంటుంది. ఎవరి మెదడులో సంచులు ఎందుకు ఆలస్యంగా తొలగుతాయన్నది ఇంకా పరిశోధనలోనే ఉంది.

"అంతా మీ భ్రమ, మనసు గట్టి చేసుకోండి" అని ఆవిడకు చాలామంది చెప్పారట. వాళ్లకు నా జవాబు కల్తీ కల్లు. తెలంగాణ పల్లెల్లో కల్లులో డయాజెపామ్, అల్ప్రాజోలామ్ కలిపేవాళ్లు. అధికారులు దాడులు చేసి సరఫరా ఆగినప్పుడల్లా కల్లు అలవాటున్న కూలీలు వణుకుతో, ఫిట్స్‌తో, పిచ్చి మాటలతో ఆసుపత్రుల్లో చేరారు. తాము బెంజోడయాజెపైన్ తాగుతున్నామని వాళ్లకు తెలియదు. ఆ పేరే వినలేదు. తెలియని మందు ఆగిపోతే వచ్చిన వణుకు భ్రమ ఎలా అవుతుంది?

వాళ్ల అత్తగారికి మాత్రం వేరే సిద్ధాంతం ఉంది: గాలి సోకింది, అమావాస్యకు ముదురుతుంది. తాయత్తు కట్టించారు. కట్టిన మూడో రోజు మంట తగ్గింది! నేను వెక్కిరించలేదు. వంతుల నీళ్లలాగా వచ్చిపోయే బాధకు మనం ఎప్పుడు మందు వెతుకుతాం? బాగా ముదిరినప్పుడే. ముదిరిన తర్వాత ఎలాగూ తగ్గు వస్తుంది. ఆ పేరు తాయత్తు కొట్టేస్తుంది, లేదా డిటాక్స్ పొడి కొట్టేస్తుంది. ఆవిణ్ణి గోడ మీది తెలుగు క్యాలెండరులో చెడ్డరోజుకు ఎర్ర చుక్క పెట్టమన్నాను. నాలుగు అమావాస్యలు చూశారు. ఒకటి ఎరుపు, మూడు శుభ్రం. అత్తగారు తిథి గడియలు సరిగా చూడలేదన్నారు. ఆ చుక్కల్లోనే ఇంకోటి బయటపడింది: ఎరుపుల్లో చాలావరకు సరిగా నిద్రపోని రాత్రి మర్నాడే.

అందుకే చేయాల్సిన వాటిలో నేను నిద్రకే పెద్దపీట వేస్తాను. ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే వేళకు లేవడం, నిద్ర పట్టకపోతే మంచం మీద పొర్లకుండా లేచి హాల్లో కూర్చుని కళ్లు మూతలు పడుతుంటే మళ్లీ వెళ్లడం, పగటి కునుకు మానడం. చెప్పడానికి చప్పగా ఉంటుంది, నిద్రలేమికి నిపుణులు మాత్రల కంటే ముందు సూచించేది ఇదే. కాఫీ పొద్దుటికి పరిమితం. మద్యం ముట్టకూడదు, అది కూడా ఇదే షట్టరు మీద చెయ్యి వేస్తుంది. గాబా పేరుతో అమ్మే బిళ్ళలు దండగ, కడుపులోకి పోయిన గాబా రక్తం నుంచి మెదడులోకి దాటడమే కష్టం. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి క్వినలోన్ యాంటీబయాటిక్‌లు లస్కరు చేతికి అడ్డుపడగలవు. విరేచనాలైతే షాపులో అడిగి కొనేసుకోకుండా, ఈ మందు మానిన సంగతి డాక్టరుకు చెప్పాలి. ఒక పరీక్ష కూడా చేయించుకోవాలి: అరికాళ్ల మంటకు బి12 లోపం, షుగరు కూడా కారణాలే, గుండెదడకు థైరాయిడ్ కారణం కావచ్చు. అన్నీ పాత మాత్ర ఖాతాలో రాసేస్తే అసలు దొంగ తప్పించుకుంటాడు.

భరించలేక ఒక రాత్రి పాత స్ట్రిప్పు తీసి వేసుకోవడం, వారానికి మళ్లీ మానడం అన్నిటికన్నా చెడ్డది. తీసిన సంచులు మళ్లీ పెట్టుకున్నట్టే. ఇంకా మందు వాడుతున్నవాళ్లు ఇది చదివి రేపటి నుంచి ఆపేయకండి. 2025లో అమెరికా వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5-10 శాతం తగ్గించడంతో మొదలుపెట్టాలి, మామూలుగా రెండు వారాల్లో 25 శాతం మించకూడదు. అదీ రాసిచ్చిన డాక్టరు చేతిమీదుగా. ఫిట్స్ వస్తే నేరుగా ఆసుపత్రికే. బతకాలనిపించని రాత్రి వస్తే తెల్లవారేదాకా ఆగకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

పోయిన వారం ఆవిడ మళ్లీ క్యాలెండరు ఫొటో పంపారు. ఆ నెల ఎర్ర చుక్కలు తొమ్మిది, అంతకుముందు నెల పదిహేడు. కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడడం తగ్గిందట. బి12 తక్కువగా ఉందని తేలి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. చెవిలో మోత మాత్రం కదల్లేదు. తాయత్తు ఇంకా చేతికి ఉంది, అత్తగారు విప్పనివ్వలేదట.