రుచి ఒక్కటే మారిందనుకోకండి: లిమిటెడ్ ఎడిషన్ క్యాండీలపై అపోహలు, వాస్తవాలు

లిమిటెడ్ ఎడిషన్ రుచి ఏది విడుదలైనా, ఫ్లేవర్ విభాగంలో పనిచేసే మాకు ఒక ఉత్తరం తప్పనిసరిగా వస్తుంది. ‘మా పాపకు వేరుశనగ పడదు. ఈ కంపెనీ చాక్లెట్లు ఎప్పటి నుంచో తింటోంది, ఏమీ కాలేదు. ఇప్పుడు మారింది రుచి ఒక్కటే కదా, పెట్టవచ్చా?’ అడిగేవారిని నేను తప్పు పట్టను. అడగకుండా పెట్టేసేవారి గురించే నా బెంగంతా.

అపోహ: పాత చాక్లెటే, రుచి మాత్రం కొత్తది.

వాస్తవం: రుచి మారితే చాలాసార్లు పదార్థాల జాబితా కూడా మారుతుంది. బిస్కెట్ రుచి అంటే లోపల గోధుమపిండి పలుకులు ఉండవచ్చు, కారమెల్ అంటే పాలు ఉండవచ్చు. పైగా కొన్నాళ్లు మాత్రమే అమ్మే సరుకు కోసం కొత్త యంత్రాలు కొనేవారు అరుదు. ఖాళీగా ఉన్న మరో లైన్ (సరుకు తయారయ్యే యంత్రాల వరస) మీదనో, బయటి ఫ్యాక్టరీలోనో చేయిస్తారు. అదే లైన్ మీద నిన్న హేజెల్‌నట్ ముద్ద నడిచి ఉండవచ్చు.

‘కడుగుతారు కదా’ అంటారు. చాక్లెట్ లైన్‌ను మామూలుగా నీళ్లతో కడగరు. తడి తగిలితే చాక్లెట్ ముద్దకట్టి బిగుసుకుపోతుంది, సూక్ష్మజీవులకూ దారి దొరుకుతుంది. అందుకని తర్వాత నడపబోయే చాక్లెట్‌నో, కోకో వెన్ననో గొట్టాల గుండా పంపి పాతదాన్ని బయటికి తోస్తారు. తెల్ల చాక్లెట్ ధారగా పారాక కూడా, గొట్టం వంపు దగ్గర బిగింపు విప్పి చూస్తే అంచున సన్నటి గోధుమరంగు చార ఒకటి కనిపిస్తుంది. ‘నట్స్ ఆనవాళ్లు ఉండవచ్చు’ అని ప్యాకెట్ మీద రాసేది ఆ చార గురించే. లాయర్లు రాయించిన భయం మాట అని కొట్టిపారేయకండి. ఇంకో సంగతి: ఈ హెచ్చరిక చాలా దేశాల్లో తప్పనిసరి కాదు. కాబట్టి అది లేనంత మాత్రాన ఆనవాళ్లు లేవని అర్థం కాదు. అనుమానం ఉంటే కంపెనీని అడగండి. అడిగేవారు ప్యాకెట్ ముందువైపు బొమ్మ పంపుతుంటారు. మాకు కావలసింది వెనుకవైపు ఉన్న జాబితా, బ్యాచ్ నంబరు.

ఇంతకంటే ప్రమాదకరమైన మాట ఇంకొకటి ఉంది: ‘కొంచెం నాలుకకు తాకించి చూస్తే తెలిసిపోతుంది.’ తెలియదు. బాదం వాసన అని మనం గుర్తుపట్టేది ప్రధానంగా బెంజాల్డిహైడ్ అనే పదార్థాన్ని. దాన్ని బాదం ఊసే లేకుండా తయారుచేయవచ్చు. అలెర్జీ తెచ్చేది గింజలోని ప్రోటీన్. ఆనవాలుగా ఉన్న ప్రోటీన్‌ను నాలుక పసిగట్టలేదు. బాదం వాసన గుప్పుమనే క్యాండీలో బాదం లేకపోవచ్చు, నిమ్మ రుచి తెల్ల చాక్లెట్‌లో నట్స్ ఆనవాళ్లు ఉండవచ్చు. తీవ్రమైన అలెర్జీ ఉన్నవారికి ఆ ‘కొంచెం’ చాలు ప్రాణం మీదికి తేవడానికి. తీవ్రమైన అలెర్జీ వస్తే అత్యవసరంగా ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ దగ్గరుంది కదా అని ప్రయోగాలు చేయకండి. కలగలుపు డబ్బాలోంచి తీసి ఎవరో చేతిలో పెట్టిన క్యాండీకి జాబితా ఉండదు. జాబితా లేనిది పిల్లకు పెట్టకండి, అంతే.

ఇక మిగిలిన అపోహలు.

వనిల్లా రుచిని బీవర్ అనే జంతువు గ్రంథి నుంచి తీస్తారన్న పుకారు. ఎన్నిసార్లు జవాబు చెప్పినా చావదు! ఆ స్రావాన్ని ఒకప్పుడు రుచుల తయారీలో కొద్దిగా వాడిన మాట నిజం. ఇప్పుడు ఆహారంలో దాని వాడకం దాదాపు లేదు. వనిల్లా రుచినిచ్చే వనిలిన్ అనే పదార్థం ఫ్యాక్టరీల్లో చవగ్గా తయారవుతుంటే బీవర్ వెంట పడేదెవరు? వనిల్లా కాయ నుంచి వచ్చినా, ఫ్యాక్టరీ నుంచి వచ్చినా వనిలిన్ అణువు ఒకటే.

వింత రుచి అంటే పాడైన సరుకును అంటగట్టడమే అని కొందరి అనుమానం. అది నిజం కాదు. జెల్లీ బెల్లీ అనే అమెరికన్ క్యాండీ కంపెనీ వారి వాంతి రుచి, పిజ్జా రుచి కోసం చేసిన ప్రయత్నంలోంచి పుట్టిందని చెబుతారు. మాకు అది వింతగా తోచదు, ఎందుకంటే పర్మెజాన్ చీజ్‌లోనూ వాంతిలోనూ ఉండేది అదే బ్యుటిరిక్ ఆమ్లం. 2001లో రేచెల్ హెర్జ్, జూలియా వాన్ క్లెఫ్ అనే పరిశోధకులు ఒకే ఆమ్లాల మిశ్రమాన్ని ఈ రెండు పేర్లతోనూ వాసన చూపించారు. పేరును బట్టి జనం దాన్ని ఇష్టపడ్డారు, అసహ్యించుకున్నారు. మా రుచి పరీక్షల గదిలో ఒక సీనియర్ సహోద్యోగి పేరు చెప్పకుండా ఇచ్చిన చీజ్ క్యాండీని ఉమ్మేశారు. తర్వాత పేరు రాసి ఇస్తే నింపాదిగా చప్పరించి, ఉప్పు కాస్త తగ్గించమని సలహా ఇచ్చారు. నేనేమీ అనలేదు.

పుల్లటి క్యాండీలు నాలుకను కాల్చేది ‘కెమికల్స్’ వల్ల కాదు. పైన అద్దిన సిట్రిక్, మాలిక్ ఆమ్లాలే ఆ పని చేస్తాయి. వరసగా తింటే నాలుక పైపొర రేగుతుంది, పళ్ల ఎనామిల్ మెత్తబడుతుంది. తిన్నాక నీళ్లతో పుక్కిలించండి, బ్రష్ మాత్రం వెంటనే పట్టకండి.

కారం క్యాండీ మంటకు నీళ్లు తాగడం దండగ. మిరపలోని క్యాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. చల్లటి పాలు పుక్కిట పట్టండి. పాలు పడనివారికి ఈ చిట్కా పనికిరాదు, కాసేపు ఓర్చుకోవడమే.