వైరస్ మందుకి టీబీ మందుతో చుట్టరికం

కోవిడ్ రోజుల్లో ఫావిపిరావిర్ బిళ్ళలు గుర్తున్నాయా? మొదటి రోజు పూటకి తొమ్మిది చొప్పున పద్దెనిమిది మింగమనేవాళ్ళు. జపాన్‌లో ఫ్లూ కోసం తయారైన ఆ మందుకీ, టీబీ రోగులు దశాబ్దాలుగా వాడుతున్న పైరజినమైడ్‌కీ అణువులో అస్థిపంజరం ఒకటే. పైరజిన్ అనే పరమాణువుల వలయం, దానికి తగిలించిన అమైడ్ అనే చిన్న గుంపు. ఫావిపిరావిర్‌లో అదనంగా ఒక ఫ్లోరిన్, ఒక హైడ్రాక్సిల్ ఉంటాయి, అంతే తేడా. ఒంట్లో యూరిక్ యాసిడ్ పెంచడంలో కూడా రెండూ ఒకటే!

మరి అదే బిళ్ళ టీబీకి ఇచ్చేస్తే సరిపోదా? పోదు. ఫావిపిరావిర్ దెబ్బకొట్టేది వైరస్ తన ఆర్ఎన్ఏని చూసి ఆర్ఎన్ఏనే రాసుకునే ఎంజైమ్‌ని. టీబీ బ్యాక్టీరియా మనలాగే డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ తయారు చేసుకుంటుంది, ఆ వైరస్ ఎంజైమ్ దానికి లేనే లేదు. కాబట్టి వైరస్ మందు నుంచి కొత్త టీబీ మందు చేయాలనుకునే కెమిస్టులకి పనికొచ్చేది ఆ అస్థిపంజరమే.

టీబీ మందులకీ వైరస్ మందులకీ మధ్య ఈ రాకపోకలు పాతవే. 1940ల్లో జర్మనీలో శాస్త్రవేత్త డోమాక్ బృందం థయాసెటజోన్ అనే మందుని టీబీకి తెచ్చింది. 1950లో అదే కుటుంబం అణువులు ఎలుకల్లో మశూచి వైరస్‌కి దగ్గరి చుట్టమైన వాక్సీనియా వైరస్‌ని అడ్డుకున్నాయి. ఆ దారిలో పుట్టిన మెథిసజోన్ అనే మందుని మద్రాసులో మశూచి రోగుల దగ్గర మెలిగినవాళ్ళకి ఇచ్చి చూశారు. 1963లో వచ్చిన ఫలితాల్లో మందు తీసుకున్న 1,101 మందిలో ముగ్గురికే జబ్బు, తీసుకోని 1,126 మందిలో 78 మందికి. అంటే అప్పుడు టీబీ నుంచి వైరస్ వైపు వెళ్ళారు, ఇప్పుడు ఎదురు దారిన రావాలి.

ఈ దారి కష్టం. టీబీ క్రిమి మైకోలిక్ ఆమ్లాల మైనపు గోడ కట్టుకుని, మన రక్షక కణాల లోపలే కాపురం పెడుతుంది. ల్యాబులో మామూలు పరీక్ష కూడా మోసం చేస్తుంది, ఎందుకంటే పైరజినమైడ్ ఆమ్లగుణం ఉన్నచోట తప్ప సరిగా పనిచేయదు, మామూలు ద్రావణంలో పెట్టి చూస్తే దాన్ని పనికిరానిదని పక్కన పడేసేవాళ్ళం.

‘పాత మందేగా, సగం పని అయిపోయినట్టే’ అనే మాట నాకు నచ్చదు. మందుని ఉన్నది ఉన్నట్టు వాడితేనే దాని పాత భద్రతా రికార్డు అక్కరకొస్తుంది. మైనపు గోడ దాటాలని ఒక కొమ్మ తగిలించామా, అది కొత్త అణువు. విష పరీక్షలు మళ్ళీ మొదటి నుంచీ చేయాల్సిందే. పైగా టీబీకి ఒంటరి మందు ఇవ్వరు. కొత్తది టీబీ చికిత్సలో ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పక్కన నిలబడాలి, అదేమో లివర్ ఎంజైమ్‌లని రెచ్చగొట్టి తోటి మందులని ముందే కరిగించేస్తుంది, హెచ్ఐవీ మందులు కొన్ని దానితో కలిపి ఇవ్వలేకపోవడానికి కారణం అదే.