కరెంటు బండికి మిర్చి సీజన్ పరీక్ష

మిర్చి సీజన్‌లో తెల్లవారుజామున వరంగల్ ఎనుమాముల మార్కెట్ గేటు దగ్గర నిలబడితే తుమ్ములు ఆగవు. బస్తాలు దింపి ఖాళీ అయిన ఒక చిన్న ట్రాలీ దగ్గర టీ తాగుతున్న డ్రైవర్‌ను అడిగాను, కరెంటు బండి తీసుకుంటవా అన్నా అని. డాలా మీద చెయ్యేసి అన్నాడు: "తీస్కుంట గానీ, మేడారం జాతరకు బెల్లం ఏస్కొని పోతే తిరిగి ఎట్ల రావాలె?"

వరంగల్ నుంచి మేడారం దగ్గర దగ్గర 100 కిలోమీటర్లు. పోను రాను 200. టాటా ఏస్ లాంటి చిన్న ఎలక్ట్రిక్ బండికి కంపెనీ చెప్పే రేంజ్, అంటే ఒక్క చార్జింగ్‌తో పోయే దూరం, 150, 160. లోడుతో, ఎండలో అది ఇంకా తగ్గుతుంది. జాతర రెండేళ్లకోసారే. మిగతా రోజుల్లో ఆయన బండి ఎక్కువగా కాశీబుగ్గ, హనుమకొండ, కాజీపేట మధ్యనే తిరుగుతుంది. అయినా ఆయన లెక్క జాతర రోజు మీదే. లోడు బండి కొనేవాళ్లు మామూలు రోజును చూసి కొనరు, గట్టి రోజును చూసి కొంటారు. ఈ బండ్ల అమ్మకాలు ఎక్కడ ఆగుతున్నాయో తెలియాలంటే ఇక్కడి నుంచే వెనక్కి వెళ్లాలి.

మన దగ్గర చిన్న లారీని ఇప్పటికీ "డీసీఎం" అంటారు. 1980లలో జపాన్ కంపెనీలతో కలిసి మన దేశంలో నాలుగు చిన్న ట్రక్కులు వచ్చాయి. వాటిలో డీసీఎం టయోటా ఒకటి. ఆ జోడీ ఎప్పుడో విడిపోయింది, పేరు మాత్రం తెలంగాణ నోట్లో ఉండిపోయింది. ఇంకొకటైన ఆల్విన్ నిస్సాన్‌ను మన జహీరాబాద్‌లోనే తయారు చేశారు. ఆ ఫ్యాక్టరీని తర్వాత మహీంద్రా తీసుకుంది. అదే జహీరాబాద్‌లో ఎలక్ట్రిక్ బండ్ల కోసం 1,000 కోట్ల రూపాయల విస్తరణను 2023లో ప్రకటించింది.

అసలు మార్పు 2005లో వచ్చిన టాటా ఏస్‌తో మొదలైంది. రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్, ముప్పావు టన్ను లోడు. ఇంత చిన్న బండి ఏం మోస్తుందని నవ్వినవాళ్లే కమాన్లకు (బరువు మోసే స్ప్రింగ్ పట్టీలకు) ఇంకో పట్టీ వేయించి రెట్టింపు లోడు ఎత్తారు. మిర్చి బస్తా 40 కిలోలు అనుకున్నా 25 బస్తాలకే టన్ను అయిపోదా? పేపర్ మీద రాసిన లోడును ఇక్కడ ఎవరూ పట్టించుకోలేదు. బండి కూడా పెద్దగా అలిగింది లేదు. ఎలక్ట్రిక్ బండి ఎదుర్కోవాల్సింది ఈ అలవాటును. ఎక్కువ బరువు వేస్తే డీజిల్ బండి పొగ కక్కుతూ అయినా వస్తుంది. బ్యాటరీ బండి రేంజ్ కళ్లముందే పడిపోతుంటే డ్రైవర్‌కు టెన్షన్.

ఏస్ ఎలక్ట్రిక్ 2022 మేలో వచ్చింది. 21.3 యూనిట్ల బ్యాటరీ, 600 కిలోల లోడు, 154 కిలోమీటర్ల రేంజ్. మొదట్లోనే 39,000 బండ్లకు ఒప్పందాలు కుదిరాయని చెప్పారు. ఎవరితో? అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, డెలివరీ కంపెనీలతో. పొద్దున గోదాంలో ఎక్కించి, అవే వీధులు తిరిగి, రాత్రికి అక్కడికే వచ్చి చార్జింగ్ పెట్టుకునే బండ్లు అవి. సొంత బండి మీద బతికే అడ్డా డ్రైవర్ ఆ లెక్కలో లేడు. టన్ను మోసేది 2024లో వచ్చింది. 2025 జూన్‌లో ఏస్ ప్రో వచ్చినప్పుడు పెట్రోల్ రకం 3.99 లక్షలయితే, ఎలక్ట్రిక్ 6.50 లక్షలు. తేడా రెండున్నర లక్షలు.

పెట్రోల్ బదులు కరెంటుతో నడిపి కిలోమీటరుకు 4 రూపాయలు మిగిలితే ఆ తేడా తీరడానికి దాదాపు 63,000 కిలోమీటర్లు తిరగాలి. రోజుకు 60 చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగినా మూడున్నరేళ్లు. ఫైనాన్స్ వడ్డీ వేరే. రోజుకు 100 తిరిగే వాటర్ క్యాన్ల బండికో బ్రెడ్డు బండికో రెండేళ్లు చాలు. నన్నడిగితే ఈ ఊళ్లో కరెంటు బండి మొదట నిలబడేది వాళ్ల దగ్గరే, మార్కెట్ గేటు దగ్గర కాదు.

అమెరికాలో జరిగింది కూడా ఇలాంటిదే. 40 వేల డాలర్ల లోపు నుంచే అంటూ 2021లో ఫోర్డ్ చూపించిన ఎలక్ట్రిక్ పికప్ ఎఫ్-150 లైట్నింగ్‌కు బుకింగ్‌లు వెల్లువెత్తాయి. వెనక ట్రాలీ తగిలించి లాగితే రేంజ్ సగానికి పడిపోతోందని తర్వాత తేలింది. ధరలూ పెరిగాయి. 7,500 డాలర్ల పన్ను రాయితీ 2025 సెప్టెంబర్‌తో ఆగింది, డిసెంబర్‌లో ఫోర్డ్ ఆ బండి తయారీనే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అక్కడివాళ్లదీ గట్టి రోజు లెక్కే, బెల్లం బదులు పడవల ట్రాలీ.

రాయితీల విషయంలో మన రాష్ట్రం కొంత నయం. 2020 ఎలక్ట్రిక్ బండ్ల పాలసీలో రాయితీ మొదటి కొన్ని బండ్లకే అన్న పరిమితిని 2024 నవంబర్‌లో తీసేశారు. 2026 డిసెంబర్ 31 దాకా వాటికి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవన్నారు. కేంద్రం 2025లో ఇచ్చిన ట్రక్కుల రాయితీ మాత్రం మూడున్నర టన్నులు దాటిన వాటికే. ఏస్ లాంటి చిన్న పికప్ ఆ గీతకు కిందే ఉండిపోయింది.

ఇక మిగిలింది అమ్ముకునే రోజు. పదేళ్ల నాటి డీజిల్ ఏస్ చూపిస్తే, ఇంజిన్ చప్పుడు విని టీ చల్లారేలోపు ధర చెప్పే బ్రోకర్ ఒకాయన ఉన్నాడు. కరెంటు బండి సంగతి అడిగితే నవ్వాడు: "దానికి చప్పుడే లేదాయె. బ్యాటరీల ఎంత పానం ఉన్నదో చెప్పెటోన్ని తోలుకరండ్రి, అప్పుడు రేటు చెప్త."