పాత కార్వెట్‌లో ఏ ఆయిల్ పోయాలి? 2004 నుంచి తెగని తగువు

ఏపీఐ ఎస్‌క్యూ, ఐఎల్‌శాక్ జీఎఫ్-7. అమెరికాలో 2025 మార్చి 31 నుంచి ఇంజిన్ ఆయిల్ డబ్బాల మీద కనిపిస్తున్న కొత్త ప్రమాణాలివి. వీటితో పాత స్పోర్ట్స్ కార్ల యజమానుల గొడవ మళ్లీ రాజుకుంది. 1970ల నాటి షెవర్లే కార్వెట్‌లో ఈ ఆయిల్ పోయొచ్చా? పోయొచ్చనే అంటుంది అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్. కొత్త ప్రమాణంలో పాతవాటి గుణాలన్నీ ఉంటాయన్నది దాని మాట. పాత ఇంజిన్లు విప్పి చూసేవాళ్లలో చాలామంది ఆ మాట నమ్మరు.

కారణం 2004లో ఉంది. ఆ ఏడాది వచ్చిన జీఎఫ్-4 ప్రమాణం ఆయిల్‌లో ఫాస్ఫరస్ పరిమితిని 0.10 శాతం నుంచి 0.08 శాతానికి కోసింది. పొగలోని విషవాయువులను తగ్గించేందుకు పొగగొట్టంలో పెట్టే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను ఫాస్ఫరస్ పాడుచేస్తుందన్నది తెలిసిన కథే. కానీ ఆ ఫాస్ఫరస్ వచ్చేది జెడ్‌డీడీపీ నుంచి. ఇంజిన్‌లో అరుగుదలను ఆపేందుకు 1940ల నుంచి కలుపుతున్న జింక్ రసాయనం అది.

1987కు ముందు కార్వెట్లలో ట్యాపెట్ల (కామ్‌షాఫ్ట్ కదలికను వాల్వ్‌లకు అందించే ముక్కల) అడుగు దాదాపు చదునుగా ఉంటుంది. కామ్‌షాఫ్ట్ లోబ్, అంటే ఆ కడ్డీ మీది ఉబ్బు, దాని మీద రుద్దుకుంటూ తిరుగుతుంది. భారమంతా సన్నని గీత మీద పడి ఆయిల్ పొర పక్కకు నెట్టుకుపోతుంది. అప్పుడు జెడ్‌డీడీపీ వేడికి విడిపోయి లోహం మీద గట్టి పూతగా ఏర్పడుతుంది. ఇనుముకూ ఇనుముకూ మధ్య మిగిలేది అదొక్కటే. 1987 కార్వెట్ నుంచి ట్యాపెట్ల అడుగున రోలర్లు వచ్చాయి. రుద్దుడు పోయి దొర్లుడు వచ్చింది. పరిమితి కోసిన 2004 నాటికి కొత్త కార్లలో చాలావాటికి ఆ పూతతో మునుపటంత పని లేదు.

పాత ఇంజిన్‌కు ఎత్తు లోబ్‌ల కామ్, గట్టి వాల్వ్ స్ప్రింగులు వేయించినవాళ్లే ఎక్కువ దెబ్బతిన్నారు. కొత్త కామ్ మొదటిసారి తిరిగే నిమిషాల్లోనే లోబ్‌లు గుండ్రంగా అరిగిపోయిన ఇంజిన్లు మెకానిక్‌ల బల్లల మీదికొచ్చాయి. తప్పు ఆయిల్‌ది కాదని, నాసిరకం ట్యాపెట్లదని కొందరు ఇంజినీర్లు వాదించారు. కొన్ని ఇంజిన్ల విషయంలో అది నిజమే కావచ్చు.

ప్రమాణానికి పరీక్షే ఆధారం. కామ్ అరుగుదలను కొలిచే పరీక్ష ఏళ్లపాటు 1994 నాటి నిస్సాన్ ఇంజిన్ మీద జరిగేది. 2020 నాటి జీఎఫ్-6తో దాని చోటును 1.5 లీటర్ల టయోటా ఇంజిన్ తీసుకుంది. గట్టి స్ప్రింగులు వేసిన 350 క్యూబిక్ అంగుళాల వీ8 గురించి ఆ చిన్న ఇంజిన్ ఎంతవరకు చెప్పగలదన్నదే యజమానుల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే.

ఈ వాదనల్లో చాలామంది చూడని నిబంధన ఒకటుంది. 0.08 శాతం పరిమితి 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పలుచని గ్రేడ్లకే. 10డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 లాంటి చిక్కని పెట్రోల్ ఇంజిన్ ఆయిళ్లకు అది వర్తించదు. అంటే వాటిలో ఫాస్ఫరస్ ఎక్కువ ఉండొచ్చు. ఉండి తీరాలని మాత్రం కాదు. తయారీదారు డేటా షీట్‌లో ఫాస్ఫరస్ సుమారు 1,000 నుంచి 1,200 పీపీఎం (అంటే 0.10 నుంచి 0.12 శాతం) కనిపిస్తేనే కొనాలి. చలి రాష్ట్రాల్లో 20డబ్ల్యూ-50 ఉదయాన్నే కదలడం కష్టం కాబట్టి అక్కడివాళ్లు పాత కార్ల కోసమే చేసిన 10డబ్ల్యూ-30ని వెతుక్కోవాలి. లారీల డీజిల్ ఆయిల్‌కు మళ్లినవాళ్లకూ 2006లో దారి ఇరుకైంది. సీజే-4 ప్రమాణం అక్కడా 0.12 శాతం దగ్గర గీత గీసింది.

ఎక్కువ పోస్తే మంచిదనుకుని జింక్ సీసాలు విడిగా కలపడం సరికాదు. మోతాదు బాగా మించితే ఆ రసాయనమే ఇనుమును తినడం మొదలుపెడుతుంది. కొత్త కామ్ వేయించుకుంటే తొలి పరుగుకు బ్రేక్-ఇన్ ఆయిల్ (కొత్త భాగాలు ఒకదానికొకటి సర్దుకునేదాకా వాడేది) వాడి, తర్వాత మార్చేయాలి. 1975 నుంచి 1986 దాకా వచ్చిన కార్వెట్లది అసలైన ఇరకాటం. వాటిలో చదును ట్యాపెట్లూ ఉన్నాయి, కన్వర్టరూ ఉంది. కన్వర్టర్ కొత్తది దొరుకుతుంది, అరిగిన కామ్ మార్చాలంటే ఇంజిన్ విప్పాలి. అందుకే అలాంటి కారున్నవాళ్లు ముందు కామ్‌నే కాపాడుకుంటున్నారు.